ఖాళీ ఇంటి తలుపు తట్టే మనిషి

మా వీధి చివర తాళాలు బాగుచేసే ఆయన్ని అందరూ తాళాల బాబాయ్ అంటారు. నాకంటే పెద్దవాడు కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. నాది పక్క కొట్టు. ఫ్యాన్లకీ, నీళ్ళ మోటార్లకీ తీగ చుట్టే పని. రెండు కొట్లకీ మధ్య ఒక రేకు గోడ. ఆయన ఆకురాయి పట్టి రాస్తే నాకు పళ్ళు జివ్వుమంటాయి. నేను మోటారు వేసి చూస్తే ఆయన బల్ల మీద తాళం చెవులు గలగలలాడతాయి. ఇన్నేళ్ళు పక్కపక్కన పనిచేశాక ఒక మనిషి గురించి తెలియనిదంటూ పెద్దగా మిగలదు.

ఆయన్ని చూసి నలుగురూ నవ్వుకునే సంగతి ఒకటుంది. ఎవరో తాళం చెవి పారేసుకుని ఇంటి ముందు నిలబడి కబురు పెడతారు. లోపల ఎవరూ లేరని వాళ్ళే చెప్తారు. బాబాయ్ వెళ్ళి సంచీ కింద పెడతాడు, చొక్కా సర్దుకుంటాడు, తలుపు తడతాడు. కాసేపు ఆగుతాడు. మళ్ళీ తడతాడు. అప్పుడు గానీ తాళం మీద చెయ్యి వేయడు.

"లోపలెవరూ లేరు మహాప్రభో! ఉంటే నిన్నెందుకు పిలుస్తాను?" అని తల పట్టుకున్నవాళ్ళని నేను చాలామందినే చూశాను.

"తెలుసండీ," అంటాడు బాబాయ్. అని మళ్ళీ తడతాడు.

ఇంకో వింత. తాళం రాగానే తలుపు కొంచెం సందు చేసి, గిరుక్కున తిరిగి వీధి వైపు మొహం పెట్టి నిలబడతాడు. ఇంటివాళ్ళు లోపలికి వెళ్ళి "రావయ్యా" అని పిలిచేదాకా వెనక్కి చూడడు. కడగని గిన్నెలుంటాయి, కుర్చీల మీద విడిచిన బట్టలుంటాయి, ఎవరి ఇల్లు వాళ్ళు సర్దుకోవడానికి కాస్త వ్యవధి ఇస్తాడన్నమాట. కొత్తవాళ్ళయితే ఈయనకి కోపమొచ్చిందేమోనని కంగారు పడతారు.

ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. నడివయసులో పిన్ని పోరు పడలేక ఆవిడ వెంట మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టాడు. వెళ్ళినవాడు ఊరుకోక, ప్రభువు కోసం తానూ ఏదో ఒకటి చెయ్యాలని పాస్టరుగారి వెంటపడ్డాడు. పాస్టరుగారు ఓపిక గల మనిషి. ముందు పాటలు పాడేవాళ్ళలో నిలబెట్టారు. రెండో ఆదివారానికే హార్మోనియం వాయించే ఆవిడ "ఆయనైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది. తర్వాత కరపత్రాలిచ్చి వీధుల్లోకి పంపారు. కరపత్రం తీసుకున్న ప్రతివాణ్ణీ బాబాయ్ "మీ ఇంటి తాళం బాగా పడుతోందా?" అని మాత్రమే అడగగలిగాడు. చివరికి ఆరాధనలో ప్రార్థన చెయ్యమన్నారు. లేచి నిలబడ్డాడు. చెమటలు కక్కాడు. "ప్రభువా, నీకన్నీ తెలుసు. ఆమేన్" అని కూర్చున్నాడు. అంత బాగా ప్రార్థన చేసేవాళ్ళు ఇంకెవరూ లేరని మందిరంలో పిల్లలందరూ ఇప్పటికీ అంటారు.

ఒక ఆదివారం పాస్టరుగారు, ప్రభువు తలుపు బయట నిలబడి తడుతున్నాడన్న మాట మీద బోధ చేశారట. మర్నాడు బాబాయ్ ఆకురాయి చేత్తో పట్టుకునే రేకు గోడ పక్కనుంచి తల పెట్టాడు.

"ఒరేయ్, ఆయన బయట నిలబడి తడతాడట్రా. తెరవలేక కాదు. ఆయన తిరిగి లేచినప్పుడు సమాధి మీద అంత బండే అడ్డు కాలేదు, మన గడియ ఆయనకో లెక్కా? అయినా తడతాడట. మరి నేనెవర్ని, చేతిలో పనుంది కదాని ఎవరి ఇంట్లోకి పడితే వాళ్ళింట్లోకి చొరబడడానికి?"

"అది మనసు గురించి చెప్పారు బాబాయ్," అన్నాను.

"మనసు సంగతి పాస్టరుగారు చూసుకుంటారు. తలుపుల సంగతి నాది."

అలా మొదలైంది. మాటతో చేతకానిది చేత్తో చెయ్యొచ్చని ఆయనకి తోచింది. అప్పటినుంచి నూనె చుక్కతో బాగుపడే తాళాన్ని మార్చమని చెప్పడం మానేశాడు. ఒకరి ఇంటి గుట్టు ఇంకొకరి దగ్గర ఎత్తడం మానేశాడు. తట్టడం మాత్రం అన్నిటికంటే ముందు పెట్టుకున్నాడు. పిన్నికి మాత్రం ఇది నవ్వులాటే.

"ఊళ్ళోవాళ్ళ తలుపులన్నీ తడతాడు, సొంతింటికి మాత్రం గాలివాన వచ్చినట్టు వచ్చి పడతాడు," అంటుంది.

ఒక ఉదయం మేమింకా కొట్లు తీస్తుండగానే బస్సు డిపోలో పనిచేసే ఆయన మోటారు సైకిలు మీద వచ్చాడు. ఏ బస్సు ఏ వేళకి కదలాలో చూసే ఉద్యోగం ఆయనది. ఇంట్లో కూడా అదే పద్ధతి అని ఆయన భార్య చెప్పుకుని నవ్వుతుంటుంది. స్నానానికో వేళ, టీవీకో వేళ, ఆఖరికి చిరాకు పడటానికి కూడా ఒక వేళ. ఆ రోజు మాత్రం ఆయన హెల్మెట్ కూడా తియ్యలేదు.

"బాబాయ్, మా నాన్న గదిలోకి వెళ్ళి తాళం వేసుకున్నాడు. ఇవాళ కంటి ఆపరేషన్. ఎంత పిలిచినా రాడు. త్వరగా రావాలి!"

వాళ్ళ నాన్న బస్సు డ్రైవరుగా చేసి మానేసిన మనిషి. శుక్లం ముదిరి ఒక కన్ను ఎప్పుడో మూతపడినంత పనైంది. రెండో కంటికీ మంచు పట్టింది. ఆ ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు ఎక్కడినుంచో ఎప్పుడో ఒకసారి వస్తాడు. ఇవాళ తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలియదు. ఇంకా ఆలస్యం చేస్తే ఆ మిగిలిన చూపు కూడా దక్కదని ఆయన తెగేసి చెప్పాడట.

"నువ్వూ రారా, డ్రిల్లు పట్టుకుని," అన్నాడు బాబాయ్. "తాళం మొండికేస్తే కావాల్సొస్తుంది."

వాళ్ళ ఇల్లు మేడ మీద. కింద అద్దె కారు ఆగి ఉంది. పైన కోడలు ఒక చేతిలో తువ్వాళ్ళ సంచీ, ఇంకో చేతిలో ఫ్లాస్కు పట్టుకుని నడవాలో నిలబడి ఉంది. మమ్మల్ని చూసి, "వచ్చారా? పొద్దున్నుంచి ఇదే భాగోతం," అంది.

బాబాయ్ సంచీ కింద పెట్టాడు. చొక్కా సర్దుకున్నాడు. తలుపు తట్టాడు.

"పిలిచింది తెరవడానికి బాబాయ్, తట్టడానికి కాదు," అన్నాడు కొడుకు. "తట్టడం మాకూ వచ్చు."

"తట్టారా బాబూ?"

కొడుకు హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "బాదాను," అన్నాడు.

లోపలినుంచి గొంతు వచ్చింది. "ఎవరది?"

"తాళాలవాణ్ణండీ పెద్దాయనా."

"అయితే?"

"లోపలికి రావచ్చాండీ?"

పెద్దాయన గొంతు బస్సు హారన్లా లేచింది. "నా బస్సెక్కాలంటే ఎవడైనా చెయ్యెత్తి ఆపాలి. నా గదిలోకి రావాలంటే మాత్రం ఎవరికీ ఏదీ అక్కర్లేదు! అడక్కుండా నా చెప్పులు పారేస్తారు. అడక్కుండా నా రేడియో తీసి అటక మీద పెడతారు. నా కన్ను కొయ్యడానికి రోజు కూడా వాళ్ళే పెట్టి, రేపు పొద్దున్నే అని నాకు నిన్న చెప్తారు!"

"ముందే చెప్తే పారిపోతావని..." అన్నాడు కొడుకు.

"చూశావా? చూశావా? నేను వాడి డిపోలో పాత బండిని!"

"మామయ్యా, కారు ఆగి ఉంది," అంది కోడలు మెత్తగా.

"తొందరైతే వెళ్ళమను!"

కొడుకు బాబాయ్ వైపు తిరిగాడు. "విన్నావుగా. ఇంక తెరిచెయ్."

బాబాయ్ తాళం వైపు చూశాడు. తలుపు చెక్కలో బిగించిన పాత రకం తాళం. దాన్ని ఆయన కబుర్లు చెప్తూ తియ్యగలడు. "ఇది ఎంతసేపు పని బాబూ! కానీ లోపల మనిషి ఉన్నారు. ఆయనకి ఇష్టం లేదు."

"ఆయన కన్ను పోతే?"

నిజం చెప్పాలంటే నా చెయ్యి డ్రిల్లు మీదకి పోయింది. బలవంతంగా తెరిస్తే ఆ మనిషి పరువు పోతుంది. తెరవకపోతే చూపు పోతుంది. బాబాయ్ మోకాళ్ళు పట్టుకుంటూ నేల మీద కూలబడి, తలుపుకి వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అది ప్రార్థన అని నాకు తెలుసు. కొడుక్కి తెలియదు.

"నిద్రపోతున్నాడేంటి ఈయన?" అన్నాడు నాతో. వాచీ చూసుకున్నాడు. ఫోను తీసి ఆసుపత్రికి చేస్తూ వసారాలోకి వెళ్ళాడు. ఆయన మాట మాకు వినబడుతూనే ఉంది. "అందరికంటే చివర పెట్టండి సార్... అవును సార్... అది అయ్యాక డాక్టరుగారు వెళ్ళిపోతారా సార్?" అవతలివాళ్ళు ఏమన్నారో గానీ, ఆయన గోడకి తల ఆనించి నిలబడిపోయాడు. కసిరేవాడే గానీ, తండ్రి అంటే ప్రాణం.

అప్పుడు తలుపులోంచి చిన్న చప్పుడైంది. కిర్రు. టక్కు.

బాబాయ్ ఒక కన్ను తెరిచాడు.

మళ్ళీ కిర్రు. టక్కు.

రెండో కన్ను కూడా తెరిచాడు. తల ఎత్తి తలుపు పై అంచు చూశాడు. ఒక మూల వేలు పట్టేంత సందు, రెండో మూల చెక్కకి చెక్క అంటుకుపోయి ఉంది. కింద గచ్చు మీద చెక్క రాసుకున్న గీత అర్ధచంద్రంలా పడి ఉంది. ఆయన మెల్లగా బోర్లా పడుకుని, తలుపు కింది సందుకి బుగ్గ ఆనించాడు.

"పెద్దాయనా," అన్నాడు గుసగుసగా. "తాళం తిరగట్లేదాండీ?"

లోపల ఎముకలు పటపటమన్న చప్పుడు. ఆయన కూడా కిందికి దిగినట్టున్నాడు.

"మావాడు అక్కడున్నాడా?" అంతకుముందు హారన్లా మోగిన గొంతేనా ఇది అనిపించింది.

"వసారాలో ఫోన్లో ఉన్నారండీ."

"వాడికి చెప్పనని మాటివ్వు."

"అడిగితే అబద్ధం చెప్పనండీ. అడక్కపోతే నేనుగా చెప్పను."

"సరే. నాకు కోపం ఎప్పుడో దిగిపోయిందయ్యా. కిటికీలోంచి బస్సు వెళ్తుంటే చప్పుడు విన్నాను. ఏ బస్సో చప్పుడుతో చెప్పగలను, రంగు మాత్రం కనబడట్లేదు. పోనీలే వెళ్దామని తాళం తిప్పాను. తిరిగితేనా! అంత అరిచి, ఇప్పుడు తలుపు రావట్లేదు కాపాడండి అని ఎలా అడుగుతాను? డ్రైవరుగా చేసినవాణ్ణి, తలుపు తీసుకోలేనా అంటారు."

"మీరు రావద్దన్నారని ఆగానండీ."

"నేనెప్పుడన్నాను? 'అయితే?' అన్నాను, అంతే! రావద్దన్నానా?" గుసగుస కాస్తా చిన్న అరుపైంది. కోడలు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంది. "తాళాలవాడొచ్చాడు, బతికిపోయాను, వీడెలాగూ పగలగొడతాడు, బలవంతాన లాక్కుపోతున్నట్టు గొణుక్కుంటూ వెళ్దామనుకున్నాను. నువ్వేమో గుమ్మం ముందు బైఠాయించావు! నీ తాళాల పని ఎవడు నేర్పాడయ్యా నీకు?"

బాబాయ్ మొహం ఒక్కసారి చిన్నబోయింది. ఆ వెంటనే భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. బోర్లా పడుకుని, చప్పుడు బయటికి రాకుండా, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వుతున్నాడు.

ఇక చేతులు కదిలాయి. సంచీలోంచి బద్దలాంటి ఇనప కమ్మీ తీశాడు. తలుపు కింద దూర్చి, దాని కింద చెక్కముక్క పెట్టాడు.

"తాళానిది తప్పు కాదండీ. తలుపు వాలిపోయింది. గడియ నాలుక చట్రంలో ఇరుక్కుంది. నేను ఇటునుంచి తలుపు ఎత్తుతాను, మీరు అటునుంచి తాళం చెవి తిప్పండి. నేను చెప్పాకే. ఊఁ... ఇప్పుడు!"

కిర్రు. టక్కు. రాలేదు.

"క్లచ్చి నొక్కకుండా గేరు వేసినట్టుందయ్యా," అన్నాడు పెద్దాయన.

"అదేనండీ. నేను సరిగ్గా నొక్కలేదు. మళ్ళీ చూద్దాం." బాబాయ్ నా వైపు చూసి కమ్మీ చూపించాడు. నేనూ కాలు వేశాను. తలుపు మూలుగుతూ పైకి లేచింది. "ఇప్పుడు!"

తాళం తిరిగింది. ఆ చప్పుడు తెలిసినవాళ్ళకి అంతకంటే మంచి చప్పుడు లేదు.

"తియ్యమంటారా?" అడిగాడు బాబాయ్.

"నా తలుపు నేను తీసుకుంటాను."

బాబాయ్ లేచి, దుమ్ము దులుపుకుని, గోడ వైపు తిరిగాడు. నన్నూ మోచేత్తో పొడిచి తిప్పాడు. ఒకడు కమ్మీతో, ఒకడు డ్రిల్లుతో గోడ వైపు చూస్తూ నిలబడ్డాం. వెనక తలుపు తెరుచుకుంది. బూట్ల చప్పుడైంది.

"ఏంటయ్యా, ఇద్దరూ గోడకి పాఠం అప్పజెప్తున్నారా?"

తిరిగి చూస్తే పెద్దాయన స్నానం చేసి, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్ల తాళ్ళు కూడా కట్టుకుని ఉన్నాడు. ఇంటిల్లిపాదికంటే ముందు తయారైన మనిషి ఆయనే.

కొడుకు వసారాలోంచి వచ్చి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "నాన్నా..."

"ఏంటలా నిలబడ్డావు? మీ డిపోలో బళ్ళన్నీ ఇలాగే కదుల్తాయా?" అని, ఒక చెయ్యి గోడకి ఆనించుకుంటూ పెద్దాయన మెట్లు దిగడం మొదలుపెట్టాడు. కోడలు సంచీతో వెంట పరిగెత్తింది.

కొడుకు రెండు మెట్లు దిగి మళ్ళీ పైకి వచ్చాడు. "ఎలా ఒప్పించావు బాబాయ్?"

"నేనేం ఒప్పించలేదు బాబూ. ఆయన ముందే తయారై ఉన్నారు. మీ తలుపు వాలిపోయింది, వచ్చి సరిచేస్తాను." ఇంకేదో చెప్పాలా వద్దా అని కాసేపు కమ్మీ తుడిచాడు. "ఆయన గదికి వెళ్ళేటప్పుడు కాస్త తట్టండి. బాదకుండా."

కొడుకు తల ఊపి, మెట్లు దిగిపోయాడు. కారు కదిలిన చప్పుడు విన్నాం.

కొట్టుకి తిరిగొచ్చాక బాబాయ్ ఆకురాయి పట్టుకున్నాడు గానీ రాయలేదు.

"ఒరేయ్, నేను తట్టి, నా మంచితనం చూసుకుని మురుస్తూ కూర్చున్నాను. నా వీపు వెనకే ఆ మనిషి బయటికి రాలేక అవస్థ పడుతున్నాడు. తట్టాక చెవి పెట్టాలని ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు."

"ప్రార్థన చేశావుగా బాబాయ్."

"చేశాను. జవాబు కిర్రుమని వచ్చింది. ప్రార్థనలో ఉన్నాను కదాని కళ్ళు తెరవకపోతే అయిపోయేది ఆయన పని."

మధ్యాహ్నం క్యారేజీ పట్టుకొచ్చిన పిన్నికి ఈ కథంతా చెప్పాడు. ఆవిడ నడుం మీద చేతులు వేసుకుని విని, "చెప్పేది చెవిన పెట్టమని పెళ్ళైన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నాను. దానికి ఒక డ్రైవరు గదిలో ఇరుక్కోవాల్సొచ్చిందా?" అంది. బాబాయ్ దానికీ నవ్వాడు. అప్పటినుంచి ఆయన తట్టడం మానలేదు గానీ, తట్టాక ఒకసారి తలుపుకి చెవి ఆనిస్తాడు. ఖాళీ ఇళ్ళకి కూడా. చూసేవాళ్ళకి నవ్వుకోవడానికి ఇంకో సంగతి దొరికింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళకి ఆ తలుపు సరిచెయ్యడానికి వెళ్ళాం. పెద్దాయన నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. అటక మీది రేడియో బల్ల మీదకి దిగింది. మేం తలుపుని కీళ్ళనుంచి ఊడదీసి, నడవా గోడకి చేరవేసి, కింది అంచుకి చిత్రిక పట్టాం. చట్రానికి కొత్త కీళ్ళు బిగించాం. తలుపు పెట్టడమే మిగిలింది.

అంతలో కొడుకు కంటిచుక్కల సీసా పట్టుకుని వచ్చాడు. చుక్కల వేళ అయినట్టుంది. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. గుమ్మానికి తలుపు లేదు. లోపల తండ్రి ఎదురుగా కనబడుతున్నాడు. అటూ ఇటూ చూశాడు. గోడకి చేరవేసిన తలుపు దగ్గరికి వెళ్ళాడు. దాన్ని మెల్లగా తట్టాడు.

సంచీలో పెట్టబోతున్న చిత్రిక బాబాయ్ చేతిలోనే ఆగిపోయింది.

"ఎవరది?" అన్నాడు పెద్దాయన.

"నేనే నాన్నా. చుక్కలు వెయ్యాలి."

పెద్దాయన తొందరపడలేదు. రేడియో గొంతు తగ్గించాడు. కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "నా బస్సెక్కాలంటే ఏం చెయ్యాలి?"

డిపోలో బస్సులన్నిటినీ కదిలించే ఆ మనిషి మా వైపు ఓరగా చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. అయినా చెయ్యెత్తాడు.

"సీసా ఉన్న చెయ్యెత్తావేంటి, ఒలికిపోదూ?" అన్నాడు పెద్దాయన. అని, తను అన్న మాట తనకే వినబడినట్టు ఆగాడు. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చూశాడు. "కనబడుతోందిరా. సీసా మూత కూడా కనబడుతోంది. నీలం మూత. రా, ఎక్కు."

బాబాయ్ అప్పటికే గోడ వైపు తిరిగిపోయాడు. నేనూ తిరిగాను. వెనక ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు సరిగ్గా వినబడలేదు. ముక్కు చీదిన చప్పుడు మాత్రం విన్నాను, ఎవరిదో తెలియదు.

"మళ్ళీ గోడకి తిరిగారా మీరిద్దరూ?" అని కాసేపటికి పెద్దాయన కేకేశాడు. "చూసేదేదో ఇటు చూడండి. ఆ పై కీలుకి చివరి స్క్రూ వంకరగా బిగించారు."

బాబాయ్ వచ్చి చట్రం దగ్గర మునివేళ్ళ మీద నిలబడి చూశాడు. నిజమే, వంకరగానే ఉంది.

"ప్రభువుకి స్తోత్రం," అని స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.